మా నీళ్ళు చూసిపోయే ఆమె

పోయిన మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ఎవరో తలుపు తట్టారు. తీసి చూస్తే నీలం కోటు తొడుక్కున్న ఒక నడివయసు మనిషి. చేతిలో టార్చిలైటు ఉంది గాని దాన్ని వెలిగించలేదు. తలుపు వెనక తగిలించిన అట్టమీద తేదీ వేసి, సంతకం పెట్టి పక్కింటికి పోబోయాడు.

"తొట్టి చూడరా?" అన్నాను.

"ఒక్కరే ఉండారంట కదమ్మా. మీ ఇంట్లో ఎంత నీళ్ళుంటాయి?" అన్నాడు తమిళంలో.

"ముందు వచ్చే ఆమె ఏమైంది?"

"తెలియదా? చనిపోయి ఇరవై రోజులు దాటింది. మంసాపురంలో వాళ్ళక్క ఇంట్లో," అని చెప్పి పోయాడు.

అంతకు ముందు మూడు మంగళవారాలు ఎవరూ రాలేదు. లీవు పెట్టి ఉంటుందనుకున్నాను. రెండో మంగళవారం కాఫీకి పాలు కాచి, ఆమె రాకపోయేసరికి నేనే తాగాను. మూడో మంగళవారం కూడా కాచాను. అప్పటికి ఆమె లేదు. ఆ సంగతి నాకు చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. నేను ఆమెకు ఏమౌతానని చెప్తారు?

ఆమె పేరు నాకు తెలియదు. అట్టమీద పెట్టేది ఒక్క పొడి అక్షరం. మా వీధిలో అందరూ ఆమెను "కొసుక్కారమ్మ" అనేవాళ్ళు. దోమల ఆమె అని అర్థం. ఎదురుగా కూడా అట్లే పిలిచేవాళ్ళు, ఆమె అట్లే పలికేది. ఇంటింటికీ పోయి, నిలవ నీళ్ళలో దోమ పిల్లలున్నాయేమో చూడడం ఆమె పని. మునిసిపాలిటీలో దినకూలి. తమిళనాడులోని మా రాజపాళయంలో కుళాయి ఏ రోజు వస్తుందో కుళాయికే తెలియదు. వచ్చిన రోజు పట్టుకున్న నీళ్ళు తర్వాతి సారి దాకా కాపాడుకోవాలి. అందుకని ప్రతి ఇంట్లోనూ తొట్టి, డ్రమ్ము, బిందెలు, బకెట్లు. అంత నిలవ నీళ్ళున్న ఊళ్ళో ఆమె పనికి అంతు లేదు.

మనిషి పొట్టి. చీరమీద మగవాళ్ళ కొలతకు కుట్టిన నీలం కోటు, చేతులు రెండు మడతలు పైకి మడిచి ఉండేవి. భుజాన సంచి, సంచిలో మందు సీసా, పిడి ఉన్న ఒక తెల్ల ప్లాస్టిక్ గిన్నె. తెల్లదే ఎందుకంటే అందులో నల్ల పురుగు బాగా కనిపిస్తుంది. ఇంటి ముందుకు వచ్చి నిలబడిందంటే ముందు మన ముఖం చూడదు. పూలకుండీ కింద పెట్టిన తట్ట చూస్తుంది, మెట్ల పక్కన పడేసిన పెయింటు డబ్బా చూస్తుంది, పెంకుల అంచు చూస్తుంది. అవన్నీ చూశాక మన ముఖం చూసి "బాగుండారా" అంటుంది. బాగున్నామని చెప్పేలోపల ఆమె కళ్ళు మళ్ళీ ఎక్కడో ఉండేవి.

వారానికొకసారి ఎందుకు రావాలని మొదట్లో ఒకసారి అడిగాను.

"గుడ్డు పగిలి, పురుగై, గూడు కట్టి, రెక్కలొచ్చి లేచేదానికి ఎనిమిది దినాలమ్మా. ఎండ జాస్తిగా ఉంటే ఇంకా బిరీన. నేను ఒక వారం తప్పితే ఒక కాన్పు లేచిపోతాది," అంది. ఆమెకు అన్ని కాన్పులూ తెలిసినట్టే చెప్పింది.

ఇంట్లో అప్పుడు నేనూ మా అక్కా ఉండేవాళ్ళం. అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. బావ పోయాక ఇక్కడికి వచ్చేసింది. నాకు పెళ్ళి కుదరలేదు, కుదర్చడానికి పెద్దగా ఎవరూ తిరగనూ లేదు. బ్యాండేజి గుడ్డ నేసే ఒక యూనిట్‌లో నేను గుడ్డ పరీక్ష చేసేదాన్ని. మడిచే చిన్న భూతద్దం ఒకటి ఉంటుంది, దాన్ని గుడ్డమీద పెట్టి అంగుళానికి ఎన్ని పోగులో చూడాలి. ముప్పై ఏళ్ళు ఆ అద్దంలోకే చూశాను. ఇల్లంతా అక్కది. ఏ గిన్నె ఎక్కడుండాలో, ఎవరు ఎంతవరకు రావాలో అక్కే చెప్పేది.

కొసుక్కారమ్మ మాట్లాడేది మా తెలుగే. ఇక్కడికి వచ్చి ఎన్ని తరాలైందో వాళ్ళకూ లెక్కలేదు, మాకూ లేదు. ఐనా వీధి వేరు. ఆ వీధి ఏదో అక్క మొదటి రోజే అడిగి తెలుసుకుంది. ఆ తర్వాత నాతో చెప్పింది, "ముందర చూసి పొమ్మను. వంటింట్లో నుంచి మాత్రం పోనియ్యొద్దు."

మా ఇల్లు రైలుపెట్టె లాంటిది. ముందు వసారా, తర్వాత హాలు, తర్వాత వంటిల్లు, దాన్ని దాటితేనే పెరడు. వంటింట్లోకి రాకుండా పెరట్లోకి పోవడానికి దారి లేదు. ఆమె ఉద్యోగం మా నీళ్ళు చూడడం. మా నీళ్ళు ఉండేది ఆమె రాకూడని చోట. మా ఇల్లొక్కటే కాదు, ఆ వరసలో సగం ఇళ్ళు అంతే. దానికి ఆమె ఒక ఉపాయం పెట్టుకుంది. గడప దగ్గర నిలబడి "నేను తాకను, మీరే మూత తీయండ" అని ఎదురెదురు గుమ్మాల గుండా దూరం నుంచి టార్చి వేసేది. నీళ్ళమీద వెలుగు పడగానే పురుగులుంటే కిందికి జారతాయట. ఆ కదలిక ఆమెకు అంత దూరం నుంచే తెలిసేది.

ఒకసారి గడప అవతల నిలబడే అంది, "దీనికి ఆచారం జాస్తమ్మా. సాక్కడ మురికి నీళ్ళలో గుడ్డు పెట్టదు. మనం తాగే నీళ్ళు, తేటగా ఉండాల, నీడగా ఉండాల. అక్కడే పెడతాది." నవ్వుతూ అన్న మాటే. లోపల అక్క చేతిలో గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

వానలు పట్టిన ఐప్పసి నెలలో ఒక మంగళవారం ఆమె ముందరి డ్రమ్ము చూసి, అట్ట తీసి రాయబోతూ ఆగింది.

"ఎనక ఏమైనా ఉండాదా అమ్మా? ఈ వీధిలో రెండిండ్లలో జరము."

పెరట్లో ఒక మూల, గడప నుంచి టార్చి వేసినా కనిపించని చోట, మా పాత రోలు ఉంది. కరెంటు గ్రైండరు వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నలుగురు పట్టినా కదలదు. వానకు నిండుకొని ఉంది. నాకు తెలుసు. ముందు రోజే అందులో ఆకులు తేలడం చూశాను. అక్క వంటింట్లో చారు తాళింపు పెడుతోంది, నాకు యూనిట్‌కు టైమవుతోంది.

"ఏమీ లేదు. అన్నీ బోర్లించేసినాము," అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. ఒక నిమిషం నిలబడింది. తర్వాత అట్టమీద సున్నా వేసి, తేదీ వేసి పోయింది.

పది పన్నెండు రోజులకు అక్కకు జ్వరం వచ్చింది. కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళు విరిచేసినట్టు నొప్పి. మూడో రోజు లేవలేకపోయింది. ఆసుపత్రిలో రక్తం చూసి డెంగీ అని చేర్చుకున్నారు. రోజుకు రెండుసార్లు రక్తం తీసేవాళ్ళు, చీటీమీద అంకె తగ్గుతూ వచ్చేది. ఒక సాయంత్రం అక్క పంటి చిగుళ్ళలో రక్తం కనిపించింది. నేను మంచం పక్కన కూర్చుని, రోల్లో తేలిన ఆకులను తలుచుకుంటూనే ఉన్నాను. అక్కకు చెప్పలేదు. తొమ్మిదో రోజు అంకె పెరిగింది. అక్కను ఇంటికి తెచ్చుకున్నాను. సగం మనిషైంది, కాని దక్కింది.

జ్వరం వచ్చిన ఇంటికి పెద్ద పరీక్షకు వస్తారు. ఇంటికి వచ్చిన మూడో రోజు సూపర్‌వైజరు, ఇద్దరు పనివాళ్ళు, వాళ్ళ వెనక ఆమె. వాళ్ళకు అక్క అడ్డు చెప్పలేదు. మంచంమీదనుంచి చెప్పే ఓపిక కూడా లేదు. నేరుగా పెరట్లోకి పోయారు. తెల్ల గిన్నెతో రోల్లోనుంచి ముంచి చూపించారు. గిన్నెనిండా కదులుతున్నాయి.

సూపర్‌వైజరు తలుపు వెనక అట్ట తెచ్చి చూశాడు. కోపిష్టి మనిషేం కాదు. విసిగిపోయిన మనిషి.

"ఇక్కడ సున్నా అని రాసింది నువ్వేనా?"

"నేనే సార్."

"ఈ రోలు చూశావా?"

ఆమె రోలువైపే చూస్తూ "చూడలేదు సార్" అంది.

"చూడకుండా ఎట్ల రాశావు?"

ఆమె నావైపు తిరగలేదు. నేను అక్కకు కలిపిన గంజి గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. పక్కింటివాళ్ళు గోడమీదనుంచి చూస్తున్నారు. నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. నేనే రానియ్యలేదండి అని. గంజి చల్లారుతుందని నాకు నేను చెప్పుకుని లోపలికి పోయాను.

రేపటినుంచి పనికి రావద్దని ఆమెకు అక్కడే చెప్పారు. ఆమె సంచి దించి, మందు సీసా, తెల్ల గిన్నె బయటపెట్టి, కోటు విప్పి మడిచి దానిమీద పెట్టింది. కోటు లేకుండా ఆమెను చూడడం అదే మొదటిసారి. ఇంకా చిన్న మనిషిలా కనిపించింది.

రెండు వారాలు తట్టుకున్నాను. మూడో ఆదివారం, ఆమె ఊరేదో వీధిలో అడిగి తెలుసుకుని, మంసాపురం బస్సెక్కాను. బస్టాండు దగ్గర టీ కొట్లో దోమల పని చేసిన ఆమె అని అడిగితే తోపు చూపించారు. కొబ్బరి తోపులో మట్టలు ఏరే కూలికి పోతోంది. దూరంనుంచే గుర్తుపట్టాను. చంకలో మట్టలు పెట్టుకుని నడుస్తూ, దారిలో వెల్లకిలా పడి ఉన్న ప్రతి కొబ్బరి చిప్పనూ కాలితో బోర్లిస్తూ వస్తోంది. ఆ పనికి ఎవరూ కూలి ఇవ్వరు. తనకు తెలియకుండానే చేస్తోంది.

నన్ను చూసి ఆగింది. "అక్క ఎట్లుండాది?" అంది ముందు.

"లేచి నడస్తాది. నేను వచ్చింది అందుకు కాదు. ఆ దినం అబద్దం చెప్పినాను. సార్ ముందర కూడా నోరు తెరవలేదు."

"తెలుసమ్మా. మీరు సెప్పినప్పుడే తెలుసు."

"తెలిసి ఎందుకు ఊరికే ఉండినావు? రానియ్యలేదని చెప్పుండొచ్చు గదా."

ఆమె మట్టలు కింద వేసి, కొంగుతో మెడ తుడుచుకుంది.

"సెప్తే ఏమౌతాది? ఈమె ఇండ్ల మాట బయట సెప్తాదని రేపు వీధంతా తలుపు మూస్తారు. మా పనికి తలుపే గదమ్మా. అది తెరిస్తేనేదా పని." కొంగు దోపుకుంటూ, "ఐనా తప్పు నాదే. మీరు లేదన్నప్పుడు ఇంకొక మాట అడిగుండాల. రెండిండ్లలో జరమని తెలిసే నిల్చిపోయినాను. నిల్చుండకూడదు," అంది.

ఏడుపు వస్తుందేమోనని నేను తోపువైపు చూస్తున్నాను. ఆమె మాత్రం "ఆ రోలు ఏం చేసినారు?" అని అడిగింది.

"నీళ్ళు తోడి పారబోసినాము."

"తోమినారా?"

"లేదు."

"ఐతే అది అట్లే ఉండాది. గుడ్లు నీళ్ళలో ఉండవు. నీళ్ళకు పైన, రాయి గోడకు అంటుకొని ఉంటాయి, నల్లగా పొడి మాదిరి. ఎండిపోయినా సావవు. నెలలు అట్లే ఉంటాయి. మళ్ళీ నీళ్ళు తగిలినాయా, ఆ దినమే పగలతాయి. కొబ్బరి పీచు తీసుకొని బాగా తోమాల. తోమి మన్ను పోసి నింపేయండ. సార్‌తో మాట్లాడేది తర్వాత. రోలు ఈ దినమే."

ఆ సాయంత్రం రోలు తోమాను. నా వేళ్ళ చర్మం లేచేదాకా తోమాను. మర్నాడు సూపర్‌వైజరు దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన అంతా విని, "అన్ని ఇళ్ళలోనూ ఇదేనమ్మా. మీరు వచ్చి చెప్పారు, మిగతావాళ్ళు చెప్పరు," అన్నాడు. అప్పటికే ఇద్దరు పని మానేశారట. ఇంకో పది రోజులకు ఆమె మా వీధిలోకి తిరిగి వచ్చింది, అదే కోటుతో.

ఆ మంగళవారం ఆమె మామూలుగానే గడప అవతల నిలబడింది. నేను "లోపలికి రా" అన్నాను. అక్క హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె చెప్పులు విప్పి, కొంగు దగ్గరికి లాక్కుని, నేలనే చూస్తూ వంటింట్లోనుంచి నడిచిపోయింది. పొయ్యినీ చూడలేదు, గూట్లో గిన్నెలనూ చూడలేదు. అక్క ముఖం గోడవైపు తిప్పుకుంది. పెరట్లో టార్చి చప్పుడు, డ్రమ్ము మూత చప్పుడు వినిపించాయి. ఆమె తిరిగి వచ్చి చెప్పులు వేసుకుంటుండగా అక్క, గోడవైపే చూస్తూ నాతో అంది, "ఆ ఫ్రిడ్జి వెనక తట్టలో నీళ్ళు నిలుస్తాయంట. అది కూడా చూడమను."

అక్క ఆమెతో నేరుగా మాట్లాడింది లేదు, పోయేదాకా. కాని ఆ రోజునుంచి ఫ్రిడ్జి వెనక ప్రతి వారం చూడమనేది.

తర్వాతి ఏళ్ళలో ఆమె చెప్పిన మాటలు నా చెవిలో చాలా ఉన్నాయి. మగ దోమ కుట్టదని ఆమే చెప్పింది. "అది పావం, పూల రసం తాగి పోతాది. కుట్టేది ఆడది. అదీ గుడ్డు కట్టేదానికే. పగబట్టి కాదు." పగలే కుడుతుందని, పొద్దున ఎండ వచ్చిన కాసేపు, సాయంత్రం చీకటి పడకముందు కాసేపు, అదీ మోకాలి కిందనే చూస్తుందని. మనం విదిలిస్తే లేచి పక్కవాళ్ళమీద వాలుతుందని, ఒక పూట తిండికి ముగ్గురు నలుగుర్ని కుడుతుందని. "జబ్బు దానిది కాదు. ఒకరి దగ్గర తీసుకొని ఇంకొకరికి ఇస్తాది. దానికి తెలియనే తెలియదు." మధ్యాహ్నం వేలాడే బట్టల వెనక, మంచం కింద దాక్కుంటుందని. రెక్కలున్నా దూరం పోదని.

"నాలుగైదు ఇండ్లు దాటితే జాస్తి. పుట్టిన వీధిలోనే సస్తాది," అని ఒకసారి చెప్పి, "నా మాదిరే," అంది. నేనేమైనా అడుగుతానేమోనని వెంటనే సంచి భుజాన వేసుకుంది.

నా భూతద్దం ఆమెకు చూపించిన రోజు ఒకటి ఉంది. కళ్ళు మందగించి నేను యూనిట్ మానేసిన కొత్త. పూలకుండీ తట్టలో ఒకే ఒక పురుగు దొరికింది. తెల్ల గిన్నెలో దాన్ని పెట్టి నాకు చూపిస్తోంది. నేను బీరువాలోనుంచి అద్దం తెచ్చి, గిన్నెమీద పట్టుకుని "చూడు" అన్నాను. ఆమె ఒక కన్ను మూసి వంగింది. చాలాసేపు లేవలేదు.

"దీనికి ఇన్ని ఎంట్రుకలా," అంది. తర్వాత, "తోకతో ఊపిరి పీలస్తాదని సెప్పినారు. నిజమే. గొట్టం ఉండాది. పైకి ఆనించుకొని ఉండాది." ఇంకా చూసింది. ఈసారి గొంతు తగ్గింది. "అమ్మా, దీనికి కండ్లు ఉండాయి."

పదకొండేళ్ళుగా ఆ పురుగులను పారబోస్తున్న మనిషి. అద్దం నాకు ఇచ్చేసి కాసేపు గిన్నె చేతిలోనే పట్టుకుంది. "పావం," అంది. తర్వాత పెరట్లో ఎండ తగిలే చోటు చూసి ఇసుకలో పోసేసింది. "ఐనా పొయ్యాల్సిందే," అంది.

అక్క మూడేళ్ళ కిందట నిద్రలోనే పోయింది. వయసైంది. పదహారో రోజు కర్మ దాటాక వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. మా వీధిలో అందరూ మంచివాళ్ళే, పలకరిస్తారు. కాని పలకరింపు గడప అవతలే అయిపోతుంది. కూరగాయల బండి దగ్గర రెండు మాటలు, పాలవాడితో ఒక మాట. కొన్ని రోజులు సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. మా నాయన నేర్పిన తెలుగు అక్షరాలు ఉన్నాయి గనక ఇట్లా ఏదో రాసుకుంటాను. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు, చదివేవాళ్ళు లేరు.

వారానికొకసారి మా ఇంట్లోకి వచ్చి, హాలూ వంటిల్లూ పెరడూ అన్నీ తిరిగే మనిషి ఆమె ఒక్కతే. కాని అప్పటికి ఆమెకు వీధులు పెంచారు. నాలుగు నిమిషాల్లో చూసి పోయేది. ఒక మంగళవారం అంట్లు తోమే రాయి వెనక, నేను మరిచిపోయిన ఒక గిన్నెలో పురుగులు దొరికాయి. ఆ రోజు ఇరవై నిమిషాలు ఉంది. నన్ను తిట్టింది, పీచు అడిగి తనే గిన్నె తోమింది, తోముతూ మళ్ళీ ఆ గుడ్ల కథంతా చెప్పింది. తర్వాతి వారం ఏమీ లేదు. నాలుగు నిమిషాల్లో పోయింది.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గు. ఒక పాత ఎనామిల్ కప్పులో నీళ్ళు పోసి, మెట్ల కింద నీడలో పెట్టాను. వారానికి అందులో కదలికలు వచ్చాయి. ఆమె చూసింది, తిట్టింది, తోమింది. రెండు వారాలాగి ఇంకోచోట పెట్టాను. మళ్ళీ చూసింది, తిట్టింది. మూడోసారి కప్పు చేతిలో పట్టుకుని తిట్టకుండా ఊరుకుంది. వేలితో అందులోనుంచి ఒక ఆకు తీసింది.

"ఇది బాదం ఆకు. ఈ పక్క బాదం చెట్టు లేదే."

నీళ్ళలో ఆకు కుళ్ళితే పురుగు బాగా పెరుగుతుందని ఆమే ఎప్పుడో చెప్పింది. వీధి చివరనుంచి ఆ ఆకు ఏరి తెచ్చింది నేను.

ఆమె కప్పు పారబోసి, తోమి, బోర్లించింది. తర్వాత పెరటి మెట్టుమీద కూర్చుంది. ఎప్పుడూ కూర్చోని మనిషి.

"ఇది లేచే దినానికి నేను రాకుంటే ఏం చేసుండారు? పక్కింట్లో నెలల బిడ్డ ఉండాది."

యాభై ఆరేళ్ళ మనిషిని, చిన్నపిల్లలా తల వంచుకుని నిలబడ్డాను. ఆ బిడ్డను నేను ఎత్తుకున్నాను కూడా. కప్పులో నీళ్ళు పోసేటప్పుడు ఒక్కసారీ ఆ బిడ్డ గుర్తు రాలేదు.

"పది నిమిషాలు కూర్చోమంటే కూర్చోనా?" అంది ఆమె.

"నీకు వీధులు జాస్తి అయిపోయినాయి గదా."

"జాస్తి దా. ఐనా కూర్చుంటాను." సంచి పక్కన పెట్టి, "కాఫీ పెట్టండ," అంది.

అన్నేళ్ళలో మా ఇంట్లో ఆమె ఏదైనా అడగడం అదే మొదలు. అక్క తాగే స్టీలు గ్లాసులో పోసి ఇచ్చాను. చేతులు వెచ్చజేసుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని తాగింది.

ఆ తర్వాతినుంచి మంగళవారం మా ఇంటిని చివర పెట్టుకుంది. మధ్యాహ్నం దాటాక వచ్చేది. నీళ్ళన్నీ చూసి, అట్టమీద రాసి, పెరటి మెట్టుమీద కూర్చునేది. పది నిమిషాలంటే పది నిమిషాలే. ఆమెకు పెళ్ళైందా, పిల్లలున్నారా, నేను అడగలేదు. అక్క లేకుండా ఎట్లున్నారని ఆమె అడగలేదు. ఏ వీధిలో డ్రమ్ముకు మూత లేదో, ఎవరి ఇంట్లో కొత్త తొట్టి కట్టారో అవే మాటలు. కొన్నిసార్లు అవీ లేవు. గ్లాసు కడిగి బోర్లించి పోయేది. నాకు ఆ పది నిమిషాలు బుధవారం దాకా ఉండేవి. శనివారంనుంచి మళ్ళీ మంగళవారం కోసం చూసేదాన్ని.

కొత్తగా వచ్చినాయన ఆమె మాట చెప్పి పోయిన మర్నాడు మంసాపురం పోయాను. కొబ్బరి తోపు దాటి, వరసగా ఉన్న చిన్న ఇళ్ళలో మూడోది. వాకిట్లో ఒక పెద్దావిడ చేటలో పప్పు ఏరుతోంది. ముఖం చూడగానే ఆమె అక్క అని తెలిసింది. అదే పొట్టి ఒళ్ళు, అవే చిన్న కళ్ళు.

"ఎవరమ్మా మీరు?"

"రాజపాళయంనించి వచ్చినాను. మంగళవారం మంగళవారం మా ఇంటికి వచ్చేది."

"ఓ, కొసు పని ఇండ్లవాళ్ళా. ఇంత దూరం వచ్చినారే," అని చాప వేసింది.

ఎట్లా జరిగిందని అడిగాను.

"పనికి పోవాలని పొద్దున్నే కోటు తొడుక్కునింది. గుండె పట్టుకొని, నెంజులో నొప్పి అనింది. ఈ వాకిట్లోనే కూర్చునింది. నీళ్ళు తెచ్చేలోపల అయిపోయింది." చెప్పి చెప్పి అరిగిన మాటల్లా మెల్లగా చెప్పింది. "ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు."

నేను అడిగాను, "మా ఇంటి మాట ఎప్పుడైనా చెప్పేదా?"

"ఎవరి మాటా చెప్పదమ్మా. వచ్చి కాళ్ళు కడుక్కొని, తిని పండుకుంటాది. దినానికి ఎన్ని ఇండ్లు. ఎవర్నని చెప్తాది."

"మా ఇంట్లో కాసేపు కూర్చునేది. కాఫీ తాగేది. ప్రతి వారం."

ఆవిడ చేట ఆపి నన్ను చూసింది. నేను ఏం కోరుకుంటున్నానో ఆవిడకు అర్థం కాలేదు. నాకు సాయం చేయాలనే అన్నట్టు అంది, "కాలు నొప్పి గదమ్మా దానికి. మద్యానం దాటితే నిలబడలేదు. ఆడాడ కూర్చునుంటాది."

ఆమె కాలు నొప్పి సంగతి నాకు తెలియదు. అన్ని మంగళవారాల్లో ఒక్కసారి కూడా చెప్పలేదు. మెట్టుమీద కూర్చునేటప్పుడు మోకాలు పట్టుకునేదా, లేచేటప్పుడు గోడ పట్టుకునేదా అని గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గుర్తు రాలేదు. గ్లాసు పట్టుకున్న చేతులే గుర్తున్నాయి.

"అవునక్కా," అన్నాను. "కూర్చునుంటాది."

బస్సుకు ఇంకా అరగంట ఉందని చెప్పి, ఆవిడ చేట నావైపు జరిపింది. ఇద్దరం కలిసి పప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాం.